స్పిరిడోన్ లాంబ్రోస్ - ఆథోస్ వ్రాతప్రతుల పట్టిక

చరిత్రకారుని కీర్తి ఏ గ్రంథముపై నిలుచునో ఆతడు జీవించియున్న కాలమున చెప్పుట కష్టము. స్పిరిడోన్ లాంబ్రోస్ ఏథెన్సు విశ్వవిద్యాలయమున చరిత్రాచార్యుడు. ఆ విశ్వవిద్యాలయమునకు రెండు పర్యాయములు రెక్టరుగా ఎన్నుకొనబడినవాడు. కొన్ని మాసములు గ్రీసు దేశమునకు ప్రధానమంత్రి. ఆరు సంపుటముల దేశచరిత్రను రచించెను. తన కాలమున ఆయన పేరు వీనివలననే ప్రసిద్ధమయ్యెను. నేడు ఆ పేరు అన్నిటికంటె తరచుగా కానవచ్చునది ఒక వరుససంఖ్య ప్రక్కన. ఆథోస్ పర్వతమునందలి ఒక వ్రాతప్రతిని పేర్కొనవలసినప్పుడు విద్వాంసులు మఠము పేరును, ఆ మఠములోని సంఖ్యను వ్రాసి, దానిప్రక్కన కుండలీకరణములలో లాంబ్రోస్ ఇచ్చిన సంఖ్యను చేర్చుదురు. వ్రాతప్రతుల పట్టికలను కూర్చు పనిని పరిశోధనకు గడప యనియే కాని పరిశోధన యని తలపనివారు మన విద్యార్థులలో పలువురున్నారు. అట్టివారికి ఈయన చరిత్ర ప్రయోజనకరమని తలచి ఈ వ్యాసమును వ్రాయుచున్నాను.

లాంబ్రోస్ 1851లో కోర్ఫూ ద్వీపమున జన్మించెను. ఆ ద్వీపము అప్పటికి గ్రీసు రాజ్యములో చేరలేదు; తక్కిన అయోనియన్ ద్వీపములతోపాటు బ్రిటిషువారి రక్షణలో నుండి 1864లో గ్రీసునందు విలీనమయ్యెను. తండ్రి పావ్లోస్ లాంబ్రోస్ ఎపీరస్ ప్రాంతమునందలి కలరీటెస్ గ్రామమునుండి వచ్చినవాడు. నాణెములను సేకరించి, పరీక్షించి, వానిపై గ్రంథములు వ్రాసిన పండితుడు. చిన్న వస్తువును చేతబట్టి దాని కాలమును, స్థలమును, సత్యాసత్యములను నిర్ణయించుట ఆ యింట నిత్యకృత్యము. కుమారునకు ఈ విద్య నాణెములనుండి వ్రాతప్రతులకు మరలినది. 1865లో ఏథెన్సునందు "పార్నాసోస్" అను సాహిత్యసంఘము వెలసెను. దానిని స్థాపించిన యువకులలో స్పిరిడోన్ ఒకడు. అప్పటికాతని వయస్సు పదునాలుగేండ్లు! బాలుర ఆటగా మొదలయిన ఆ సంఘము బీదపిల్లలకు పాఠశాలను కూడ నడపి, నగరమున ముఖ్యసంస్థగా ఎదిగినది.

ఏథెన్సులో చదువు ముగించి ఆయన జర్మనీకి పోయెను. 1873లో లైప్‌జిగ్ విశ్వవిద్యాలయమునుండి డాక్టరు పట్టమును పొందెను. ప్రాచీన గ్రీకు వలసనగరముల స్థాపకులు, వారికి లభించిన గౌరవములు అనునది సిద్ధాంతవ్యాసవిషయము. విషయముకంటె ఆయన అచ్చట నేర్చిన పద్ధతి ముఖ్యము. మూలము ఎచ్చట నున్నది, ఎన్ని ప్రతులున్నవి, ఏ ప్రతి దేనికి పుత్రిక అను ప్రశ్నలకు సమాధానము దొరకినగాని చరిత్రను వ్రాయరాదని ఆనాటి జర్మను పండితులు విద్యార్థులకు నూరిపోయుచుండిరి. అటుపిమ్మట ఆయన యూరపులోని పెద్ద గ్రంథాలయములను దర్శించి, 1878 ప్రాంతమున స్వదేశమునకు వచ్చి, ఏథెన్సు విశ్వవిద్యాలయములో గ్రీకు చరిత్రను, లిపిశాస్త్రమును బోధింప మొదలిడెను.

ఆ కాలమున గ్రీసులో చరిత్ర యనగా కేవలము పాండిత్యము కాదు. ఫాల్మెరాయర్ అను జర్మను పండితుడు 1830లో ప్రకటించిన గ్రంథమున, ప్రాచీన గ్రీకుజాతి నశించినదనియు, నేటి గ్రీకులు మధ్యయుగమున వచ్చి స్థిరపడిన స్లావుల, ఆల్బేనియనుల సంతతియనియు వాదించెను. అప్పుడే స్వాతంత్ర్యమును సంపాదించుకొనుచున్న చిన్న దేశమునకు ఈ వాదము ములుకువలె గ్రుచ్చుకొన్నది. దానికి పాపరిగోపూలోస్ ఇచ్చిన సమాధానము 1860 - 1874 మధ్య వెలువడిన ఐదు సంపుటముల గ్రీకు జాతి చరిత్ర. ప్రాచీనకాలము, బైజాంటియను యుగము, ఆధునికకాలము మూడును ఒకే జాతి జీవితమునందలి దశలని ఆయన నిరూపింపబూనెను. అది మహారచనయే. కాని రెండు పక్షములవారును ఎక్కువగా వాదముపై ఆధారపడిరి. మధ్యయుగమునకు సంబంధించిన మూలములలో ఎన్నో అప్పటికింకను అచ్చుకాలేదు. లాంబ్రోస్ వాదమునకు దిగక, మూలములను వెదకబోయెను. జాత్యభిమానమున ఆయన ఎవ్వరికిని తీసిపోడు. ఐనను అభిమానమును ఋజువుగా చూపరాదను నియమమును లైప్‌జిగ్ ఆయనకు అలవాటు చేసినది.

ఈ పద్ధతికి మొదటి ఫలము మిఖాయిల్ ఖోనియాటిస్ రచనల పరిష్కరణము. ఖోనియాటిస్ పండ్రెండవ శతాబ్ది చివర ఏథెన్సు నగరమునకు ప్రధాన మతాచార్యుడు. 1182 ప్రాంతమున ఆ పీఠమునెక్కి, ఫ్రాంకులు నగరమును ఆక్రమించువరకు, అనగా 1204 తరువాత కొలదికాలము వరకు, అచ్చట నుండెను. పిదప సమీపమునందలి కేయా ద్వీపమున తలదాచుకొనెను. ఆయన నివాసము అక్రోపోలిసు కొండమీద. ఆనాటి ప్రధాన దేవాలయము పార్థెనాన్, అప్పటికది క్రైస్తవ ఆలయముగా మారియుండెను. లేఖలలో ఆయన పన్నుల భారమును, సముద్రపు దొంగల బాధను, జనుల పేదరికమును, పూర్వవైభవము మాసిన నగరస్థితిని పదేపదే మొరపెట్టుకొనెను. లాంబ్రోస్ 1878లో ఆ కాలపు ఏథెన్సును గూర్చి ఒక గ్రంథమును, 1879 - 80లలో రెండు సంపుటములుగా ఖోనియాటిస్ ఉపన్యాసములను, లేఖలను ప్రకటించెను.

దీని ప్రాముఖ్యమేమన, మధ్యయుగమున ఏథెన్సు కొన్ని శతాబ్దులపాటు నిర్జనమై అడవి పెరిగియుండెనని ఫాల్మెరాయర్ నమ్మదగని పత్రములను పట్టుకొని చెప్పియుండెను. ఆ నగరమున నివసించి, దాని సుఖదుఃఖములను వ్రాసినవాని మాటలే సంపూర్ణముగా ఎదుటికి వచ్చినప్పుడు చర్చయొక్క స్థాయి మారిపోయినది. ఖోనియాటిస్ చూపు ఏథెన్సు దీనమైనది, కాని సజీవమైనది. స్వపక్షమునకు ప్రీతికరము కాని ఆ దీనతను లాంబ్రోస్ దాచలేదు. గ్రెగొరోవియస్ తన మధ్యయుగ ఏథెన్సు చరిత్రకు ఈ పరిష్కరణము నుపయోగించుకొనెను; ఆ చరిత్రను లాంబ్రోస్ గ్రీకులోనికి అనువదించెను. లేఖలకు మరియొక ప్రామాణిక పరిష్కరణము 2001లో గాని రాలేదు. ఇరువదియెనిమిదేండ్ల యువకుని పని నూటయిరువది సంవత్సరములకు పైగా నిలిచినదన్నమాట.

ఇక ఆథోస్. ఉత్తర గ్రీసున సముద్రములోనికి చొచ్చుకొనిపోయిన సన్నని ద్వీపకల్పము చివర నీ పర్వతమున్నది. దానిపై ఇరువది ప్రధాన మఠములు. స్త్రీలకు ప్రవేశము లేదు. 1912 వరకు ఆ ప్రదేశము తురుష్క సామ్రాజ్యములోనిది. కనుక ఏథెన్సు ఆచార్యునకది పరదేశము. మఠములలోని చర్మపత్ర గ్రంథములు, కాగితపు గ్రంథములు వేలకొలది. కాని వానిలో నేమున్నదో బయటివారికే కాదు, పలుచోట్ల మఠవాసులకును తెలియదు. తెలిసికొనవచ్చిన పూర్వులు రిక్తహస్తములతో పోలేదు. ఆంగ్లేయుడైన కర్జన్ 1837లో వచ్చి మంచి ప్రతులను కొన్నింటిని సంపాదించుకొనిపోయి, ఆ ముచ్చటను పుస్తకముగా వ్రాసికొనెను. తరువాత వచ్చినవారిలో కొందరు ఆకులను కోసికొనిపోయిరి. ఇంత జరిగిన పిమ్మట సన్న్యాసులు పుస్తకపు గది తాళపుచెవిని క్రొత్తవారికి నవ్వుచు నిత్తురా!

లాంబ్రోస్ 1880లో సహాయకులను వెంటబెట్టుకొని అచ్చటికి పోయి, మఠము తరువాత మఠము తిరిగి ప్రతులను పరిశీలించెను. పిదప తన యాత్రను గూర్చి గ్రీకు శాసనసభకు నివేదిక సమర్పించెను. అది మరుసటి సంవత్సరమే జర్మను భాషలోనికి వచ్చినది. మన దేశమున బ్రౌన్ దొర ప్రతులను తెప్పించి, కడపలో పండితులను కూర్చుండబెట్టి శుద్ధప్రతులు వ్రాయించినట్లు చేయుటకు ఆయనకు వీలులేదు. ఒక్క ఆకునైనను కదల్పరాదు. చూచిన చోటనే చూచి, కొలిచి, కాలమును నిర్ణయించి, వ్రాసికొని, మరల అరలో పెట్టవలెను. ప్రతి గ్రంథమునకును అది చర్మమా, కాగితమా, ఏ శతాబ్దిది, అందలి రచనలేవి, వ్రాసినవాడెవడు, ఎవరి చేతులు మారినది అను విషయములను ఆయన గుర్తించెను. మఠములన్నిటికిని కలిపి ఒకే వరుసలో సంఖ్యల నిచ్చెను. నేటికిని ఉపయోగమున నున్నవి ఆ సంఖ్యలే.

ఈ యాత్రలో జరిగిన ఒక చిన్న పనిని కొంత వివరముగా చెప్పవలసియున్నది. ఏలయన పట్టిక కూర్చువాడు న్యాయాధిపతి కూడ నెట్లగునో ఇందువలన తెలియును. "హెర్మాస్ కాపరి" అనునది రెండవ శతాబ్దికి చెందిన క్రైస్తవ గ్రంథము. అది గ్రీకులో రచింపబడినను, ఎంతోకాలము లాటిను అనువాదముననే లోకమునకు తెలిసియుండెను. 1855 ప్రాంతమున సిమోనిడిస్ అను గ్రీకు దేశీయుడు లైప్‌జిగ్‌నకు వచ్చి, ఆథోస్ ప్రతిలోనివని మూడు ఆకులను, తక్కిన ఆకులకు నకలును అమ్మజూపెను. విశ్వవిద్యాలయము కొన్నది, 1856లో గ్రీకు పాఠము అచ్చయినది. అదే సంవత్సరమున ఆతడు మరియొక "ప్రాచీన" గ్రంథమును సృష్టించి పండితులను మోసగించినట్లు బయటపడెను. పంతొమ్మిదవ శతాబ్దిలో ఆతనివంటి కూటలేఖకుడు మరియొకడు లేడు. అట్టివాడు తెచ్చిన హెర్మాస్ నిజమా, కల్పనయా? 1859లో టిషెన్‌డార్ఫ్ సినాయి పర్వతమున కనుగొన్న ప్రాచీన ప్రతిలో ఆ గ్రంథపు తొలిభాగము కనబడుటచే సందేహము కొంత తీరినది. కాని మిగిలిన భాగమునకు సిమోనిడిస్ చేతివ్రాతయే ఆధారము.

లాంబ్రోస్ గ్రిగోరియూ మఠమునందు ఆ ప్రతిలోని ఆరు ఆకులను చూచెను. లైప్‌జిగ్‌నందలి మూడును వీనితో కలిసినవే. పదియవ ఆకు మాత్రము లేదు. ఆయన అచ్చటనే కూర్చుండి, అచ్చయిన పాఠముతో అక్షరమక్షరము పోల్చి భేదములను గుర్తించెను. ఆ పాఠభేదములు రాబిన్సన్ అను విద్వాంసుని పర్యవేక్షణమున 1888లో కేంబ్రిడ్జినుండి వెలువడినవి. మూలము నిజమైనదే, సిమోనిడిస్ నకలు మాత్రము అడుగడుగున తప్పినది. దొంగ చేతిలో దొరకిన సొమ్ము సొమ్ము కాకపోదు. కాని తూకము మరల వేయవలెను. ఆ తూకమే లాంబ్రోస్ వేసినది. ఆయన డాక్టరు పట్టమందిన విశ్వవిద్యాలయమే ఆ మూడు ఆకులను కొన్నదనుట కాకతాళీయము.

పట్టిక మాత్రము సులభముగా అచ్చుకాలేదు. 1888లో ఏథెన్సున ఒక భాగము వెలువడి ఆగిపోయెను. తుదకు కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయ ముద్రణాలయము దానిని స్వీకరించి, 1895లో మొదటి సంపుటమును, 1900లో రెండవ సంపుటమును ప్రకటించెను. యాత్రకును గ్రంథసమాప్తికిని నడుమ ఇరువదియేండ్లు! అందు వర్ణింపబడిన ప్రతులు ఆరువేలకు పైబడినవి. మిక్కిలి సంపన్నములయిన రెండు మఠములు, లావ్రా, వటోపేడి, ఇందు చేరలేదు. వాని పట్టికలను ఇతరులు సిద్ధపరుపగా వటోపేడిది 1924లో, లావ్రాది 1925లో వెలువడెను. లాంబ్రోస్ పట్టికలో లోపములు లేకపోలేదు. వర్ణనలు పెక్కుచోట్ల మిక్కిలి పొట్టివి. ఒక ప్రతిలోని చిన్న రచనలన్నియు పేర్కొనబడలేదు. కాలనిర్ణయములను తరువాతివారు చాల చోట్ల సవరించిరి. తొందరలో వేలకొలది ప్రతులను చూచినవాని పని యట్లే యుండును. పరిపూర్ణతకై వేచియుండినచో ఆ పట్టిక వెలువడకయే పోయెడిదని నా నమ్మకము.

ఆయన ప్రత్యేకత మరియొకటి కలదు. గ్రంథము చివరను, అంచులను లేఖకులును చదువరులును వ్రాసికొన్న చిన్న చిన్న వాక్యములపై ఆయనకు మక్కువ యెక్కువ. ఫలానా యేట భూకంపము వచ్చినది, మిడుతలు పంటను తినివేసినవి, సూర్యగ్రహణము పట్టినది, ఊరు శత్రువుల పాలైనది - ఇట్టివి. రాజుల చరిత్రలలో కానరాని జనజీవితము ఈ వాక్యములలో నున్నదని గ్రహించి, 1910లో వానిని ఒకచోట కూర్చి ప్రకటించెను. మన తాళపత్రములందును లేఖకుడు సంవత్సరమును, మాసమును, తిథిని, తన పేరును వ్రాసి, తప్పులు దిద్దుకొని చదువుకొనుడని వేడుకొనుట మనమెరిగినదే. కావ్యపాఠము దొరకినంతనే ఆ వాక్యములను వదలివేయు అలవాటు మన పరిష్కర్తలలో కొందరికి కలదు. అది మంచి అలవాటు కాదు.

ఇక విశ్వవిద్యాలయమున ఆయన నిర్వహించిన పదవులను గూర్చి. ఏథెన్సు విశ్వవిద్యాలయము 1837లో స్థాపింపబడినది. ఆ కాలపు రెక్టరు మన ఉపాధ్యక్షునివంటి దీర్ఘకాలాధికారి కాడు. ఆచార్యులు తమలో నొకని ఎన్నుకొందురు, ఆతడొక సంవత్సరము పాలనము చూచుచు, తిరిగి తన పీఠమునకు పోవును. లాంబ్రోస్ మొదటిసారి 1904 - 05లో రెక్టరయ్యెను. 1910 దాటిన తరువాత మరల నెన్నుకొనబడెను. మొదటి పర్యాయము ప్రశాంతమైన కాలము కాదు. 1901లో బైబిలు క్రొత్త నిబంధనమును వ్యావహారిక గ్రీకులోనికి అనువదించి ఒక దినపత్రికలో ప్రకటించినందులకు విద్యార్థులు వీథుల కెక్కిరి. కాల్పులలో ఎనిమండుగురు మరణించిరి. మంత్రివర్గము రాజీనామా చేసెను. 1903లో ఈస్కిలస్ నాటకమును సులభభాషలో ప్రదర్శించినందులకు మరల అల్లరులు, మరల ప్రాణనష్టము. మన గ్రాంథిక వ్యావహారిక వివాదము, గిడుగువారు ఎంత గట్టిగా పోరాడినను, పత్రికలను, సభలను దాటి రక్తపాతమువరకు పోలేదు. అందులకు మనము సంతోషింపవలెను. అల్లరి జరిగి ఏడాదియైనను తిరుగకమునుపే లాంబ్రోస్ ఆ సంస్థకు పెద్దయయ్యెను. ఆయన గ్రంథములన్నియు పండితభాషయందే యున్నవి. ఐనను ఆయన అచ్చువేసిన మధ్యయుగపు పత్రములలో, అంచులలోని వాక్యములలో జనుల మాట దండిగా నున్నది. వానిని సంస్కరింపక ఉన్నదున్నట్లు ప్రకటించుట ఆయన నిజాయితీకి నిదర్శనము. ఆ వివాదము గ్రీసులో చట్టరీత్యా తీరుటకు 1976 వరకు పట్టినది.

రెక్టరయిన ఆ 1904లోనే ఆయన "నేయోస్ ఎల్లినోమ్నిమోన్" అను త్రైమాసిక పరిశోధన పత్రికను స్థాపించెను. "క్రొత్త" అను విశేషణమునకు కారణమున్నది: ఆయన ద్వీపమువాడే యైన ముస్తోక్సిడిస్ 1843 - 53 మధ్య "ఎల్లినోమ్నిమోన్" అను పత్రికను నడపియుండెను. క్రొత్త పత్రికలో చాలభాగము సంపాదకుడే వ్రాసెను. గ్రంథాలయముల పట్టికలు, లేఖకుల పేర్లు, అముద్రిత లేఖలు, చిన్న చరిత్రలు సంపుటము వెంట సంపుటముగా వచ్చినవి. వర్ణనలేని ఆ పుటలను సరదాకు చదువజాలము. కాని బైజాంటియను చరిత్రలో కడపటి రెండు శతాబ్దులపై పని చేయువారెవ్వరును దానిని దాటిపోజాలరు. పగలు విశ్వవిద్యాలయపు కాగితములపై సంతకములు, రాత్రి పత్రిక ప్రూఫులు. 1903లో థామ్సన్ లిపిశాస్త్ర గ్రంథమును విద్యార్థులకై గ్రీకులోనికి అనువదించియుండెను. 1906లో ఏథెన్సునందు జరిగిన ఒలింపిక్ క్రీడోత్సవములకు కార్యదర్శిత్వము వేరు. ఒక్క మనుష్యుడు ఇన్ని పనులెట్లు చేసెనని ఆశ్చర్యపడుటకంటె, వీనిలో నేవి అసంపూర్ణములుగా మిగిలినవో చూచుట ఉచితము.

1912లో ఆయన పలియొలోగ వంశ చక్రవర్తుల కాలమునకును, పెలొపొన్నెసునకును సంబంధించిన మూలములను పెద్ద సంపుటములుగా వెలువరింప మొదలిడెను. ఆ పని సాగుచుండగనే రాజకీయములు అడ్డువచ్చినవి. మొదటి ప్రపంచ యుద్ధమున గ్రీసు తటస్థముగా నుండవలెనని రాజు కాన్‌స్టాంటైను, మిత్రరాజ్యములతో చేరవలెనని వెనిజెలోస్ పట్టుబట్టుటచే దేశము రెండుగా చీలినది. వెనిజెలోస్ తెస్సలొనీకిలో వేరు ప్రభుత్వము నెలకొల్పగా, 1916 అక్టోబరులో రాజు లాంబ్రోస్‌ను ఏథెన్సున ప్రధానమంత్రిగా నియమించెను. అరువదియైదేండ్ల పండితుడు, రాజకీయానుభవము లేనివాడు, చరిత్రలో మిక్కిలి క్లిష్టమైన ఘట్టమున చిక్కుకొనెను. ఆయుధములను అప్పగింపవలెనని మిత్రరాజ్యముల నౌకాధిపతి పట్టుబట్టెను, ప్రభుత్వము నిరాకరించెను, డిసెంబరు 1వ తేదీన ఏథెన్సు వీథులలో మిత్రసైనికులకును రాజపక్షము వారికిని పోరు జరిగెను. తరువాత మిత్రరాజ్యములు ఓడల రాకపోకలను నిరోధించుటచే జనులకు తిండి కరవయ్యెను. 1917 వసంతమున లాంబ్రోస్ పదవి వీడెను. జూనులో రాజు దేశము విడువవలసివచ్చెను. వెనిజెలోస్ ప్రభుత్వము లాంబ్రోస్‌ను స్కోపెలోస్ ద్వీపమున నిర్బంధించెను. నలువదేండ్ల బోధన అంతటితో ముగిసినది. 1919లో ఆయన మరణించెను. ఆ పదవిని ఆయన అంగీకరింపకుండవలసినదని నేను తలంతును. రాజాజ్ఞ నెదిరించుట ఆ తరమువారికి సులభము కాదనియు నెరుగుదును.

మిగిలిన కాగితములను శిష్యులును, స్నేహితులును చక్కబెట్టిరి. పత్రిక ఆయన కాగితములతోనే 1927 వరకు, ఇరువదియొకటవ సంపుటము వరకు, సాగినది. పలియొలోగుల మూలసంపుటములలో నాలుగవది 1930లో వచ్చినది. చక్రవర్తుల చిత్రముల సంపుటమును ఆ యేడే. కుమార్తె లీనా త్సల్దారి 1956లో గ్రీసున మంత్రిపదవి పొందిన తొలి మహిళయయ్యెను. ఆయన వ్రాతప్రతులనుండి ఏరి యుంచిన చిన్న చరిత్రలను అమాంటోస్ 1932లో "స్వల్ప చరిత్రలు" అను పేర ప్రకటించెను. వానిని మరల మూలములతో పోల్చి, క్రొత్తవానిని చేర్చి, కాలక్రమమును సరిచూచి ష్రైనర్ అను జర్మను పండితుడు 1975 - 79 మధ్య వియన్నాలో మూడు సంపుటములుగా పరిష్కరించెను. కాన్‌స్టాంటినోపిల్ పతనమునకు ముందు వెనుకల జరిగిన పెక్కు సంఘటనల తేదీలు నేడు ఆ సంపుటములనుండియే గ్రహింపబడుచున్నవి.